చేతికివ్వని ఉప్పు

ఉప్పు చేతికివ్వకూడదు. ఇస్తే ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ పోట్లాట. మా వైపు ఏ ఇంట్లో అడిగినా ఈ మాట చెబుతారు. ఉప్పు గిన్నె కింద పెడతాం, అవతలివాళ్ళు తీసుకుంటారు. అన్నం ముందు కూర్చున్నవాడు ఎంత ఆకలి మీద ఉన్నా ఉప్పుకు చెయ్యి చాపడు.

మేము బతికేదే ఉప్పు మీద. అయినా అదే పద్ధతి.

జువ్వలదిన్నెకు దక్షిణంగా, సముద్రానికీ కాలువకీ మధ్య మా ఉప్పు కొఠారు. సముద్రపు నీళ్ళు కయ్యల్లోకి మళ్ళించి ఎండబెడతాం. అడుగున కట్టిన ఉప్పును గీకి కుప్పలు పోస్తాం. పడవ వచ్చినప్పుడు కుప్ప దగ్గర నుంచి కాలువ దాకా ఆడా మగా వరుసగా నిలబడతారు. ఒకరు గంప తెచ్చి పక్క మనిషి కాళ్ళ దగ్గర దించుతారు. ఆ మనిషి ఎత్తుకుని నాలుగడుగులు వేసి తర్వాతి మనిషి కాళ్ళ దగ్గర దించుతుంది. వంగటం, లేవటం. సాయంత్రానికి నడుములు పడిపోతాయి. అయినా గంప చేతికి ఇచ్చినవాళ్ళు లేరు.

నేను అక్కడ మేస్త్రీని. నా పేరు ఓబయ్య. ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత చదివింది ఉప్పే.

మణుగులు పోయి కిలోలు వచ్చిన ఏడు చెంచురామయ్య మాకు మేనేజరుగా వచ్చాడు. నెల్లూరు మనిషి. ఆయన నోట మంచి మాట వచ్చిందని చెప్పినవాణ్ణి నేను చూడలేదు. ఉప్పు తెల్లగా ఉంటే "సున్నం కలిపినార్రా?" అనేవాడు. ఉప్పుకల్లు పెద్దగా ఉంటే "గులకరాళ్ళు ఏరుకొచ్చినారు" అనేవాడు. పని తొందరగా అయితే దొంగపని. ఆలస్యమైతే సోమరితనం. సరిగ్గా వేళకు అయితే, "ఇన్నాళ్ళూ ఇట్టా ఎందుకు చెయ్యలేదు?" అనేవాడు.

వచ్చిన నెలలోనే పడవకు ఉప్పెత్తటం చూశాడు. కాలువ గట్టు మీద గొడుగు కింద నిలబడి చాలాసేపు చూశాడు.

"ఏందిరా ఈ గుంజిళ్ళు? దించేదేంది, ఎత్తేదేంది? చేతులు మార్చుకుంటే సగం పొద్దులో అయిపోదా?"

"ఉప్పు గదయ్యా" అన్నాను.

"అయితే?"

"చేతికియ్యం."

ఆయనకు తెలియని సంగతి కాదు. ఆయన ఇంట్లో ఆయన భార్య కూడా ఉప్పు గిన్నె కిందే పెడుతుంది. తెలిసే అడిగాడు.

"ఇళ్ళల్లో ఆడోళ్ళ మాటలు కొఠారులోకి తెచ్చినారా? రేపటి నుంచి గంపలు చేతులు మారాల."

వరుసలో ముందు రెబెక్కమ్మ ఉంది. నల్లటి, పొడుగాటి మనిషి. ఆమె నోటికి మగవాళ్ళు కూడా దారి ఇచ్చేవాళ్ళు.

"అట్నేలే అయ్యా" అన్నది రెబెక్కమ్మ. "మా మేస్త్రీ మీ చేతిలో ఉప్పు పెట్టిన రోజు చెప్పండి. ఆ రోజే మేమూ చేతులు మారుస్తాం."

వరుస వరుసంతా నవ్వింది. కాటా దగ్గర తూకం వేసే అల్లాబక్షు నవ్వు అందరికంటే గట్టిగా వినపడింది. నేనూ నవ్వాను. చెంచురామయ్య నవ్వలేదు. రెబెక్కమ్మను చూడలేదు. నన్ను చూశాడు.

రోజూ పొద్దున తయారైన కయ్యలోంచి గుప్పెడు ఉప్పు తెచ్చి మేనేజరుకు చూపించటం నా పని. ఆయన నలిపి చూసి, నాలుక మీద వేసుకుని, సరేనంటే ఆ కయ్య గీకుతాం. ఇందుకని ఆఫీసు వసారాలో ఒక చెక్క పలక ఉండేది. ఉప్పు తిని తిని తెల్లబడి, అంచులు విచ్చిపోయింది. ఎందరు మేనేజర్లు మారినా అది మారలేదు. మర్నాడు నేను వెళ్ళేసరికి పలక లేదు. వంటమనిషి దాన్ని పొయ్యిలో పెట్టేశాడట. చెంచురామయ్య కుర్చీలో కూర్చుని అరచెయ్యి చాపాడు.

"పెట్టు."

నేను పిట్టగోడ మీద పెట్టాను.

"గోడకు పెట్టమన్నానా? నా చేతిలో పెట్టు."

"అక్కడుండాది గదయ్యా. తీసుకోండి."

తీసుకోలేదు. మధ్యాహ్నం దాకా అందరినీ ఎండలో ఊరికే కూర్చోబెట్టి, అప్పుడు గీకమన్నాడు. సాయంత్రం పని తెమల్లేదని నన్నే తిట్టాడు.

అది మొదలు. రోజూ ఆయన చెయ్యి చాపటం, నేను గోడ మీద పెట్టటం, ఆయన తిట్టటం. అంటు పట్టింపు లేని మనిషని ఆయనకు పేరు. రెబెక్కమ్మను మాత్రం ఎన్నడూ చేతిలో పెట్టమని అడగలేదు.

ఆ తిట్లు విని ఇంటికొచ్చి నేను గిన్నెలు విసిరేవాణ్ణి. ఒకరోజు నా భార్య పేరమ్మ సొట్టపడిన చెంబు తెచ్చి నా ముందు పెట్టింది.

"ఆయన్నేమీ అనలేక దీన్నంటావా? ఇదేం చేసింది నిన్ను?"

"మరి ఏం చెయ్యమంటావు?"

"ఆయన మొదలుపెట్టంగానే ఒక ఉప్పుకల్లు నాలిక కింద పెట్టుకో. అది కరిగిందాకా నోరు తెరవబాక. అది కరిగేసరికి ఆయన అలిసిపోతాడు."

పనికొచ్చింది. నాలుక కింద పుండు పడింది గానీ నోరు లేవలేదు. ఒకరోజు మేనేజరు నా దవడ చూసి అనుమానపడ్డాడు.

"నోట్లో ఏందిరా అది?"

"కల్లయ్యా."

"పొద్దున్నేనా!" కుర్చీలోంచి లేచాడు. "నిషేధం రోజుల్లో, నా ఆఫీసు ముందర తాగొచ్చి నిలబడతావురా?"

అల్లాబక్షు కాటా గొలుసు పట్టుకుని కింద కూలబడ్డాడు. నవ్వు ఆపుకోలేక ఏడ్చాడు. ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి, మేనేజరు గొంతు పెట్టి, మా అత్తకు అదంతా మళ్ళీ చేసి చూపించాడు.

మా అత్త మాలకొండమ్మకు కళ్ళు కనపడవు. కూతురు దగ్గరే ఉండేది. అల్లాబక్షు రోజూ పని వదలగానే మా గడపలో కూర్చుని ఆ రోజు మేనేజరు తిట్టిన తిట్లన్నీ ఆమెకు అప్పజెప్పేవాడు. ఆయన గొంతులో తిట్లు తిట్లలాగా ఉండేవి కావు.

"ఇంకోసారి చెప్పు సాయిబూ. పొద్దున్నేనా అని అడిగినాడా?" అని మా అత్త మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేది.

మేము నెట్టుకొచ్చింది అట్లా. నేను ఉప్పుకల్లుతో, అల్లాబక్షు వెక్కిరింతతో, రెబెక్కమ్మ నోటితో. ఎవరి ఉపాయం వాళ్ళది. పొద్దున ఆయన చెయ్యి చాపినప్పుడు అందరూ ఒక కన్ను వసారా మీద వేసి ఉండేవాళ్ళు. నేను గోడ మీద ఉప్పు పెట్టిన తర్వాత పారలు కదిలేవి.

పేరమ్మ మరుసటి ఏడు చచ్చిపోయింది. కామెర్లు. పసరు పోశారు, వాత పెట్టారు, చివరికి నెల్లూరు తీసుకుపోయాం. ఆసుపత్రి మంచం మీద ఆమె నాతో చెప్పింది ఒకటే మాట.

"మా అమ్మను ఆ ఇల్లు కదిలించబాక. ఇంకో ఇంట్లో ఆమె నిజంగా గుడ్డిదైపోద్ది."

అది నిజం. మాది కొఠారు వాళ్ళు పనివాళ్ళకు కట్టించిన లైన్లో ఇల్లు. ఒక గది, వెనక వంటసాల, చిన్న దొడ్డి. ఆ ఇంట్లో మా అత్తకు కళ్ళున్నట్టే. గడపలో పగులు, దండెం కొస, నీళ్ళ తొట్టి అంచు, అన్నీ ఆమె వేళ్ళకు తెలుసు. పొయ్యి వెలిగించేది. దొడ్లో తోటకూర పెంచేది. కొత్తగా వచ్చినవాళ్ళు ఆమెకు చూపు లేదంటే నమ్మేవాళ్ళు కారు. గడప దాటి రెండడుగులు వేస్తే మాత్రం చేతులు ముందుకు చాచి నిలబడిపోయేది.

కర్మ కాకముందే మేనేజరు మనిషిని పంపించాడు. నేను వెళ్ళాను. వసారాలో అందరి ముందూ అన్నాడు.

"మంచిదేలే. ఇంక సందేళ ఇంటికి పోవాలని తొందరుండదు."

నాలుక కింద కల్లుంది. అది కరిగిపోయి చాలాసేపైనా నేను నోరు తెరవలేదు. ఆ మాట నేను మర్చిపోలేదు. ఆయన చచ్చినా మర్చిపోను.

వెంకటాచలంలో నా చెల్లెలి మొగుడున్నాడు. అక్కడ బియ్యం మిల్లులో పని ఇప్పిస్తాను రమ్మని రెండుసార్లు కబురు పెట్టాడు. రెండుసార్లూ రానన్నాను. ఎందుకు రానంటున్నానో చెప్పలేదు. చెబితే, "చచ్చిపోయిన పెళ్ళాం తల్లి కోసమా?" అంటాడు. మా అత్త మీద నాకు పెద్ద ప్రేమేమీ లేదు. ఆమెకూ నా మీద లేదు. మధ్యలో ఉన్న మనిషి పోయింది. మాట మిగిలింది.

ఆమె పోయిన రెండో ఏడు వేసవి నడిమధ్యన, ఉప్పు బాగా కట్టే రోజుల్లో, ఒక పొద్దున మేనేజరు చెయ్యి చాపలేదు. నేను గోడ మీద పెట్టిన ఉప్పు వైపు చూడలేదు.

"లైన్లో ఇళ్ళు ఎవరికిరా?"

"పనోళ్ళకయ్యా."

"పనోళ్ళకీ, వాళ్ళ పెళ్ళాం బిడ్డలకీ. నీకు పెళ్ళాం లేదు, బిడ్డల్లేరు. మరి ఆ ముసల్ది ఎవరు?"

"మా అత్త."

"పెళ్ళాం పోయినంక అత్తేందిరా? అమావాస్య లోపల పంపించెయ్యి. నువ్వొక్కడివే ఉండు. కాదంటావా, ఇద్దరూ ఖాళీ చెయ్యండి."

నేను ఉప్పుకల్లు నాలుక కింద వేసుకున్నాను. ఆయన చాలాసేపు నా దవడ వైపు చూశాడు. నవ్వాడు. అప్పుడు చెయ్యి చాపాడు.

"లేదంటే ఇది ఉండాది గదా. పెట్టు. ఒక్క గుప్పెడు ఉప్పు. ముసల్దాన్ని అక్కడే ఉండనిస్తా, నువ్వు పనిలో ఉన్నన్నాళ్ళూ. చెంచురామయ్య మాటంటే మాట."

నేను తిరిగి కయ్యల్లోకి వచ్చేశాను.

ఆ సాయంత్రం అల్లాబక్షు నన్ను కాలువ దగ్గరకు పిలుచుకుపోయాడు. మా అత్త వినకూడదని.

"ఇచ్చెయ్యన్నా" అన్నాడు.

"నువ్వేనా చెప్పేది? మీ ఇంట్లో ఇస్తారా?"

"మా ఇంట్లో ఇస్తే నా పెళ్ళాం జమాల్‌బీ గరిటె తీసుకుంటాది. అది వేరే మాట. ముసలామె కోసరం గదా. కళ్ళు లేని మనిషి, యాడికి పోతాది? ఇయ్యన్నా. మేమేమన్నా అనుకుంటామా?"

"ఇస్తే ఆయనకీ నాకూ పోట్లాట వస్తుంది. పోట్లాటొస్తే నన్ను తీసేస్తాడు. అప్పుడూ ఆమె బయటే."

"ఇయ్యకపోతే?"

"అప్పుడూ బయటే."

అల్లాబక్షు ఒక గడ్డిపరక తెంపి కొరుక్కుంటూ కూర్చున్నాడు. ఆ రోజు ఆయన మేనేజరు గొంతు పెట్టలేదు.

నేను ఏమీ చెయ్యలేదు. రోజూ గోడ మీదే పెట్టాను. ఆయన రోజూ అమావాస్య ఎప్పుడని అడిగాడు. అడిగి, పంచాంగం తెప్పించమంటావా అని తనే నవ్వాడు.

నేను కదలనని చూసి, ఒకరోజు నేను దూరపు కయ్యల్లో ఉండగా ఆయనే లైన్లోకి పోయాడు. మా గడప ముందు నిలబడ్డాడు. పక్కింటివాళ్ళు విన్న మాటలు తర్వాత చెప్పారు.

"అవ్వా, ఈ ఇల్లు నీది కాదు. తెలుసునా?"

"ఎవురు నాయనా?"

"మేనేజర్ని. నువ్వు ఈడున్నన్నాళ్ళూ నీ అల్లుడి ఉద్యోగానికి ఎసరు. ఆ సంగతి వాడు నీకు చెప్పినాడా?"

"చెప్పలా."

"చెప్పడు. మొండోడు."

ఆయన పోయిన తర్వాత మా అత్త రెండు చీరలు మూటగట్టింది. పొయ్యి ఆర్పింది. తలుపు గొళ్ళెం వేసింది. మైపాడులో ఆమె చెల్లెలి కూతురు ఉంది. రోడ్డు మీదికి పోతే బస్సు దొరుకుతుందని, నెల్లూరులో దిగి ఎవర్నైనా అడగొచ్చని అనుకుంది. పక్కింటామె నీళ్ళకు పోయి ఉంది. రోడ్డు ఎడమచేతి వైపు. మా అత్త కుడిచేతి వైపు తిరిగింది.

రెబెక్కమ్మ కేక విని నేను పరుగెత్తాను.

మా అత్త గట్టు మీద నుంచి జారి ఒక కయ్యలో కూర్చుని ఉంది. నడుము దాకా ఉప్పునీళ్ళు. కొత్తగా కడుతున్న ఉప్పు మీద పడ్డందువల్ల కాళ్ళూ చేతులూ గీసుకుపోయాయి. చీరల మూట నెత్తిన పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుని ఉంది. నిప్పులాంటి ఎండ. ఆమె ఏడవటం లేదు. మనుషులు లేని వైపు తిరిగి మాట్లాడుతోంది.

"బస్సొచ్చిందా అమ్మా? బస్సు పొయ్యిందా?"

రెబెక్కమ్మ ఆమెను లేవదీసింది. "బస్సు లేదవ్వా, రా. ఇది కయ్య" అన్నది.

నేను మా అత్తను వీపు మీద ఎత్తుకున్నాను. పుండ్ల మీద ఉప్పునీళ్ళు మండుతుంటే ఆమె పళ్ళు కొరుకుతున్న చప్పుడు నా చెవి పక్కనే వినపడింది. ఇంటి ముందు దించాను. చెయ్యి చాచింది. గడప దొరికింది. గడపలో పగులు దొరికింది. అప్పుడు గట్టిగా ఊపిరి వదిలింది. లోపలికి పోయి, నేరుగా తొట్టి దగ్గరకు నడిచి, చెంబు ముంచి కాళ్ళు కడుక్కుంది. ఆ చెంబు పేరమ్మ నా ముందు పెట్టిన సొట్ట చెంబే.

"పొయ్యి ఆరిపోయిందబ్బయ్యా" అన్నది. "నిప్పు తెచ్చిపెట్టు."

అగ్గిపెట్టె ఇంట్లో ఉంది. అయినా నేను పక్కింటికి పోయి నిప్పు తెచ్చాను.

మర్నాడు పడవ వచ్చింది. మేనేజరు కుర్చీ కాలువ గట్టు మీద వేయించుకున్నాడు. కుప్ప దగ్గర నుంచి పడవ దాకా వరుస నిలబడి ఉంది. నేను గుప్పెడు ఉప్పు తీసుకుని వచ్చాను. అక్కడ పిట్టగోడ లేదు. ఆయన ముందు ఒక కొయ్య పెట్టె ఉంది. నేను దాని మీద పెడతాననుకుని ఆయన కాళ్ళు ఎత్తి ఆ పెట్టె మీద చాపాడు. చెయ్యి చాపాడు.

తూకపురాయి కాటా పళ్ళెంలో పెట్టబోయిన అల్లాబక్షు చెయ్యి అట్లాగే ఆగింది.

"ముసలామె ఉంటాదా?" అడిగాను.

"ఉంటాదన్నా గదా."

"అందరూ విన్నారు."

"వినమనే గదా చెప్పేది."

ఆయన అరచెయ్యి మెత్తగా, తడిగా ఉంది. నేను నా గుప్పిలి దాని మీద ఉంచి వేళ్ళు విప్పాను. ఉప్పు పడింది. ఆ చప్పుడు అందరూ విన్నట్టే ఉంది. నేను భయపడి పెట్టలేదు. ముసలామెకు ఇల్లు దొరికిన తర్వాత నాకు ఇంక పోట్లాటే కావాలి. ఇన్నాళ్ళ తిట్లకు, పలకకు, పేరమ్మ పోయినప్పుడు అన్న మాటకు. రమ్మనే పెట్టాను.

"ఇదుగో అయ్యా" అన్నాను. "ఇంక మీకూ నాకూ."

వరుసలో ఎవరో ముసలమ్మ "అయ్యో దేవుడా" అన్నది.

చెంచురామయ్య ఉప్పు నలిపి చూశాడు. నాలుక మీద వేసుకున్నాడు. మిగతాది కాలువలో దులుపుకున్నాడు. లేచి నా భుజం తట్టాడు.

"బాగుండాదయ్యా ఉప్పు. భలే ఉండాది ఓబయ్యా."

మూడేళ్ళలో ఆయన నన్ను పేరుపెట్టి పిలవటం అదే మొదలు. నేను కొడవలి ఎత్తినట్టు ఉప్పు పెట్టాను. ఆయన దాన్ని దండంలాగా పుచ్చుకున్నాడు.

తర్వాత వరుస వైపు తిరిగాడు.

"ఏమే రెబెక్కా! మీ మేస్త్రీ నా చేతిలో పెట్టినాడు. చూసినావా? మూడేళ్ళ కింద ఏమన్నావు నువ్వు?"

అప్పుడు అర్థమైంది ఆయన ఇన్నాళ్ళూ చెయ్యి చాపింది దేనికో. నా ఉప్పు ఆయనకు అక్కర్లేదు. ముసలామె ఇల్లూ అక్కర్లేదు. రెబెక్కమ్మ నవ్వులాటకు అన్న మాట ఒక్కటీ కావాలి.

రెబెక్కమ్మ కొంగు నడుముకు దోపుకుంది. అన్న మాట అందరి ముందూ అన్నదాయె. ఆమె గంప ఎత్తి, పక్కనున్న తన ఆడబిడ్డ చేతుల్లో పెట్టింది. పెడుతున్నంతసేపూ మేనేజరును చూడలేదు. నన్ను చూసింది. గంప చేతులు మారుతూ మారుతూ పడవ దాకా పోయింది. తర్వాత ఇంకోటి. పడవ సగం పొద్దులో నిండింది. మేనేజరు చెప్పింది నిజమే. సగం పొద్దే పట్టింది.

మిగిలిన సగం పొద్దుకు కూలి లేదని సాయంత్రం చెప్పారు.

వారం తిరగకుండా రెబెక్కమ్మకూ ఆడబిడ్డకూ బావి దగ్గర జుట్లు పట్టుకునేదాకా వచ్చింది. ఒకడి చేతిలో గంప జారి ఇంకొకడి కాలు చితికింది, రెండు కుటుంబాలు విడిపోయాయి. పోట్లాటలు అంతకు ముందూ ఉన్నాయి. లైన్లలో పోట్లాటలు లేని రోజేది? అప్పుడు ఎవరి పోట్లాట వాళ్ళదిగా ఉండేది. ఇప్పుడు అన్నిటికీ నా పేరు దొరికింది. చేదబావిలో నీళ్ళు ఉప్పగా ఉన్నా నేనే.

అల్లాబక్షు మా గడపకు రావటం మానేశాడు. నేను కాటా దగ్గరకు పోయి అడిగాను.

"నువ్వే గదా ఇయ్యమంది?"

అల్లాబక్షు ముల్లు వైపు చూస్తూ నిలబడ్డాడు.

"అన్నానన్నా. కాదనను." తూకపురాయి తీసి కింద పెట్టాడు. "ఇస్తావనుకోలా."

ఇంతకాలం ఆయన చేసిన వెక్కిరింతలకు నేను నవ్వాను. ఆ ఒక్క మాటతో అవన్నీ తీసేసుకున్నాడు. నేనూ మళ్ళీ అడగలేదు. అడగను. ఆ రోజు వరుసలో నిలబడ్డవాళ్ళలో ఒక్కరైనా ముసలామెను మా ఇంట్లో ఉంచుకుంటామని ముందు రోజు అన్నారా? అనలేదు. కయ్యలోంచి ఆమెను ఎత్తుకొస్తుంటే దారి ఇచ్చారు, అంతే.

ఇప్పుడు కొఠారులో నన్ను పిలిచి మాట్లాడేది ఒక్కడే. చెంచురామయ్య. పొద్దున వసారాలో చెయ్యి చాపుతాడు, నేను పెడతాను. వంటమనిషి చేత కాఫీ ఇప్పిస్తాడు. తిట్టడు. మిగతావాళ్ళను తిట్టి, ఆ తిట్టు ఎట్లా ఉందో అన్నట్టు నా వైపు చూస్తాడు.

"వెంకటాచలంలో నీకేదో పని దొరికిందంటనే?" అన్నాడు ఒకరోజు.

"అప్పుడెప్పుడో అయ్యా."

"యాడికీ పోబాక ఓబయ్యా. నువ్వు లేకపోతే వీళ్ళు నా మాట వింటారా? ముసల్దాన్ని నిశ్చింతగా ఉండమను. ఆమె ఈడున్నన్నాళ్ళూ నువ్వీడే."

ఆయన మంచి మాటే చెబుతున్నాననుకున్నాడు. ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ పోట్లాట వస్తుందని పెద్దలు అన్నారు. మాకు రాలేదు. ఎంత ఎదురుచూసినా రాలేదు. పోట్లాడాలంటే అవతలివాడు కూడా పోట్లాటనుకోవాలి.

సాయంత్రం ఇంటికొస్తాను. మా అత్త పొయ్యి వెలిగించి ఉంటుంది. తోటకూర కోసి ఉంటుంది. కాళ్ళ మీద గీతలు మానిపోయి తెల్లటి చారలు మిగిలాయి. దండెం మీద నా పంచె ఎక్కడుందో చూడకుండా తీసి ఇస్తుంది. తర్వాత గడప దగ్గరకు వచ్చి, అల్లాబక్షు కూర్చునే చోటు వదిలిపెట్టి, పక్కగా కూర్చుంటుంది. లైన్లో అడుగుల చప్పుడు వినపడితే ముఖం అటు తిప్పుతుంది. అడుగులు మా గడప ముందుకు వచ్చి వేగంగా దాటిపోతాయి.

రోజూ అడుగుతుంది.

"సాయిబు రావటం లేదేందబ్బయ్యా? ఒంట్లో బాగలేదా?"

కొఠారు నుంచి వచ్చేటప్పుడే ఒక కల్లు తెచ్చుకుంటాను. ఆమె గడప దగ్గరకు రాకముందే నాలుక కింద పెట్టుకుంటాను.

అది కరిగిందాకా నోరు తెరవకూడదు.